గ్రహణం నాడు గర్భిణి పస్తు: "పాటిస్తే పోయేదేముంది" అన్న మాటకు జవాబు ఉందా?

ప్రశ్న: నల్లగొండ సందేహి

సెప్టెంబరు 7 ఆదివారం రాత్రి పట్టిన చంద్రగ్రహణం ఆకాశంలో విడిచింది గానీ మా ఇంట్లో ఇంకా విడవలేదు. నా భార్యకు అప్పటికి ఆరో నెల. గర్భంతో పాటు వచ్చిన మధుమేహం ఉన్నందువల్ల రెండు మూడు గంటలకొకసారి కొద్దికొద్దిగా తినాలని డాక్టరమ్మ చెప్పారు. గ్రహణం రాత్రి 9 గంటల 58 నిమిషాలకు పట్టి 1 గంట 26 నిమిషాలకు విడుస్తుందని, చంద్రగ్రహణానికి మూడు యామాల (తొమ్మిది గంటల) ముందు నుంచి భోజనం నిషిద్ధమని పంచాంగంలో చూసుకొన్న మా అమ్మ, మధ్యాహ్నం ఒంటిగంట తరువాత కోడలు ఏమీ తినకూడదని, కత్తిపీట ముట్టుకోకూడదని, పట్టినప్పటి నుంచి విడిచేదాకా గదిలో వెల్లకిలా కదలకుండా పడుకోవాలని ముందురోజే చెప్పింది. నేను వాదించాను. ఎమ్మెస్సీ చదివిన నా భార్య మాత్రం, "ఒక్కరోజు పాటిస్తే పోయేదేముంది, అత్తమ్మ మనసు కష్టపెట్టడమెందుకు" అన్నది. చివరికి రాత్రి ఎనిమిదింటికి కళ్ళు తిరుగుతుంటే తలుపు గడియ వేసుకొని గిన్నెడు పెరుగన్నం తిన్నది. ఆ సంగతి అమ్మకు తెలియదు. విచిత్రమేమిటంటే, ఆ రాత్రి నుంచి నా భార్యే దిగులుగా ఉంటోంది. బిడ్డకు ఏమైనా అయితే జీవితాంతం ఆ పెరుగన్నమే గుర్తుకొస్తుందని అంటోంది.

అమ్మను మూఢురాలని కొట్టిపారేయలేను, ఎందుకంటే ఆమె దగ్గర ఒక సాక్ష్యం ఉంది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం నల్లగొండ మీదుగా పోయినప్పుడు ఆమెకు పద్దెనిమిదేళ్ళు. మధ్యాహ్నం మూడున్నర దాటాక పట్టపగలే రెండు నిమిషాలకు పైగా చీకటిపడిందని, పక్షులు గూళ్ళకు చేరాయని, ఊళ్ళో తలుపు తెరిచిన ఇల్లు లేదని ఇప్పటికీ చెబుతుంది. అప్పుడు కడుపుతో ఉన్న మా పెద్దమ్మ పెరట్లో గోంగూర తుంచిందట. ఆ వైశాఖంలో మా అన్న గ్రహణం మొర్రితో పుట్టాడు. గోంగూర తుంచినందువల్లనే పెదవి చీలిందని మా అమ్మమ్మ అన్న మాట ఊళ్ళో అలాగే నిలిచిపోయింది. మన భాషలో ఆ లోపానికి ఉన్న పేరే గ్రహణం మొర్రి అయినప్పుడు, దానికి ఇంకొక కారణం ఉంటుందని అమ్మకు ఎలా తోస్తుంది?

గ్రహణం ఎప్పుడు పడుతుందో నిమిషాలతో సహా చెప్పేదీ, ఆ రోజు ఏమి చేయకూడదో చెప్పేదీ ఒకే పంచాంగమని, మొదటిది ప్రతిసారీ నిజమవుతుండగా రెండోదాన్ని ఎందుకు కాదనాలని అమ్మ అడిగింది. నాకు జవాబు తోచలేదు. "పోయేదేముంది" అన్న నా భార్య మాటకూ తోచలేదు. పెద్దలు ఎవరైనా చెప్పగలరా?

జవాబు 1: భౌతికశాస్త్రం పంతులమ్మ

మీ అమ్మగారి ప్రశ్న నేను ముప్పై ఏళ్ళు చెప్పిన పాఠాలలో ఏ విద్యార్థీ అడగని ప్రశ్న. గ్రహణ సమయం నిజం కావడానికి కారణం, అది తప్పయితే ఊరంతటికీ తెలిసిపోయే మాట కావడమే. 9.58 అని రాసినది 10.20కి పడితే దాచుకోవడానికి చోటు లేదు. పాత సిద్ధాంత గ్రంథాల లెక్కలకూ ఆకాశానికీ మధ్య తేడాలు పేరుకుపోయినప్పుడు సరిగ్గా అదే జరిగింది. మద్రాసు వేధశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి పంచాంగాలు కట్టే కుటుంబంలో పుట్టినవారు. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని వనపర్తికి వెళ్ళి పరిశీలించినవారు. కంటికి కనబడే ఆకాశంతో సరిపోయేలా పంచాంగాన్ని దిద్దుకోవాలని వాదించి ఆయన దృగ్గణిత పంచాంగాన్ని తెచ్చారు. (అదే గ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో చూశాడు. హీలియం మూలకం కథ ఆ గ్రహణం దగ్గరే మొదలవుతుంది. ఈ సంగతి గుంటూరు పిల్లలకే తెలియకపోవడం నాకు తీరని బాధ.)

ఇక భోజనం మీది నియమాన్ని అలా ఎవరు దిద్దారు? గ్రహణం నాడు తిన్న గర్భిణులనూ తినని గర్భిణులనూ లెక్కపెట్టి, వారి బిడ్డలను పోల్చి చూసి, ఫలితాన్ని బట్టి నియమాన్ని మార్చుకొన్న పద్ధతి పంచాంగంలో ఎక్కడా కనబడదు. లెక్క ఆకాశానికి జవాబుదారీ. నియమం ఎవరికీ జవాబుదారీ కాదు. రెండూ ఒకే అట్టల మధ్య ఉన్నాయి, అంతే. ఒకే కొట్టులో కొన్నాం కదా అని బెల్లం తీపిని బట్టి ఉప్పును నమ్మం.

మన ఇళ్ళలో గ్రహణం వేళ రోకలిని నీళ్ళ పళ్ళెంలో నిలబెట్టడం మీరు చూసే ఉంటారు. రోకలి నిలిచిందంటే గ్రహణం పట్టిందని, పడిపోయిందంటే విడిచిందని అంటారు. ఒకసారి గ్రహణం వెళ్ళిన మూడోరోజు, ఒక మామూలు మంగళవారం నాడు, తరగతికి రోకలి తెప్పించి పిల్లలచేతనే నిలబెట్టించాను. పొన్ను వేసిన అడుగు చదునుగా ఉంటే, గరిమనాభి (బరువంతా కేంద్రీకరించినట్టుండే బిందువు) నుంచి నిలువుగా దించిన గీత ఆ అడుగు దాటి పోనంతవరకు రోకలి ఏ రోజయినా నిలుస్తుంది. ఒక పిల్లవాడు గ్రహణ ప్రభావం ఇంకా మిగిలి ఉందేమోనన్నాడు. వాడు పెద్దయితే మంచి వకీలవుతాడని అప్పుడే అనుకొన్నాను. మరునాడు ఆ పిల్లవాడి నాయనమ్మ బడికి వచ్చి, "మామూలు రోజున రోకలి నిలబెట్టి చూడాలని మాకెందుకు తోస్తుందమ్మా?" అన్నది. శాస్త్రీయ సంశయం గురించి నేను విన్న మాటలన్నింటిలో అంత సూటి మాట ఇంకొకటి లేదు. మీ పెద్దమ్మగారి విషయంలోనూ జరిగింది అదే. నల్లగొండ జిల్లాలో ఆ నెలలో కడుపుతో ఉన్నవారు వేలల్లో ఉంటారు. ప్రపంచమంతటా సుమారు ఏడువందల కాన్పులకు ఒకరు మొర్రితో పుడతారు కనుక, గ్రహణం లేని ఏడాదిలోనూ అలాంటి బిడ్డలు పుడుతూనే ఉంటారు. గోంగూర తుంచినా నిక్షేపమైన బిడ్డను కన్న తల్లి ఆ సంగతి ఎవరికీ చెప్పుకోదు, ఎవరూ అడగరు.

సూర్యకాంతి తగ్గడంవల్ల సూక్ష్మజీవులు పెరిగి ఆహారం విషమవుతుందని, దర్భ వేస్తే కిరణాలు ఆగుతాయని ఇప్పుడు ఫోన్లలో తిరుగుతున్న సందేశాలు మీ అమ్మగారి నమ్మకం కంటే అన్యాయమైనవి. ప్రతి రాత్రీ పన్నెండు గంటలు సూర్యకాంతి ఉండదు. అయినా తెల్లవారి చద్దన్నం తింటున్నాం. సూర్యగ్రహణాన్ని రక్షణ కళ్ళద్దాలు లేకుండా చూస్తే కంటి రెటీనా దెబ్బతింటుందన్నది ఒక్కటే నిజమైన ప్రమాదం. అది గర్భిణికీ అందరికీ సమానమే, చంద్రగ్రహణానికి అదీ లేదు.

జవాబు 2: గోదావరి వైదికుడు

నేను వైదిక వృత్తిలో ఉన్నవాడిని. గ్రహణం నాడు స్నానం, జపం, దానం విధిగా చేస్తాను, ఇకముందూ చేస్తాను. అయినా పంతులమ్మగారు చెప్పిన దానిలో చాలా భాగాన్ని నేను కాదనను. ఆ లెక్కలు కూడా మా ఇంటివేనని మాత్రం గుర్తుచేస్తాను. "ఛాదయతి శశీ సూర్యం శశినం మహతీ చ భూచ్ఛాయా" అని, అంటే సూర్యుణ్ణి చంద్రుడు, చంద్రుణ్ణి భూమి నీడ కప్పుతాయని ఆర్యభటుడు ఆర్యభటీయంలో రాసి పదిహేను వందల ఏళ్ళు దాటింది. వరాహమిహిరుడు బృహత్సంహితలో రాహువు మింగడం గ్రహణానికి కారణం కాదని నిరూపించి, ఆ తరువాతనే పురాణంతో సమన్వయం చేశాడు. నేటికీ గణితంలో రాహుకేతువులంటే చంద్రుడి మార్గం సూర్యుడి మార్గాన్ని ఖండించే రెండు బిందువులే. ఆ మార్గాల మధ్య అయిదు డిగ్రీల వాలు ఉండబట్టే ప్రతి పౌర్ణమికీ గ్రహణం పట్టదు. ఇది తెలిసిన పండితుడు తర్పణం వదిలేటప్పుడు పాము చంద్రుణ్ణి మింగుతోందని అనుకోడు.

సందేహిగారూ, మీమాంసాశాస్త్రంలో దృష్టఫలం, అదృష్టఫలం అనే విభాగం ఉంది. వడ్లు దంచితే పొట్టు ఊడుతుంది, అది దృష్టఫలం; కంటితో చూసి, అనుమానంతో, అంటే తర్కంతో ఊహించి తేల్చుకోవలసినది. యాగంవల్ల కలిగే పుణ్యం అదృష్టఫలం; ప్రత్యక్షానికీ అనుమానానికీ అందని చోట మాత్రమే శాస్త్రవాక్యం ప్రమాణం. ఆకు తుంచితే బిడ్డ పెదవి చీలుతుందన్న మాట ముమ్మాటికీ దృష్టఫలానికి సంబంధించినది. దాన్ని తేల్చవలసింది వైద్యుడు, నేను కాదు. గ్రహణ జపంవల్ల పుణ్యం కలుగుతుందన్న నా విశ్వాసాన్ని తేల్చడం వైద్యుడి పని కాదు. ఈ గట్టు ఎవరూ దాటకపోతే పోట్లాట లేదు.

ఇక ఆచరణ. గ్రహణ భోజన నిషేధం చెప్పిన ధర్మశాస్త్ర గ్రంథాలే బాలురకు, వృద్ధులకు, ఆతురులకు, అంటే అనారోగ్యంతో ఉన్నవారికి మూడు యామాల నియమాన్ని సడలించాయి. పంచాంగాలలో గ్రహణ నిర్ణయం కింద ఆ మినహాయింపు సాధారణంగా అచ్చవుతూనే ఉంటుంది. వైద్యం చేయించుకొంటున్న గర్భిణిని ఆతురుల కింద లెక్కించడానికి నాకేమీ అభ్యంతరం కనబడదు. ఆచారం అంతటా ఒక్కటే అనుకోవడమూ పొరపాటు. గ్రహణం వేళ చాలా ఆలయాలు మూస్తుంటే శ్రీకాళహస్తి ఆలయాన్ని తెరిచే ఉంచుతారు. అక్కడ రాహుకేతు పూజలు ఆ వేళనే జరుగుతాయి. మీ అమ్మగారితో వాదించకండి. ఆమె పంచాంగాన్నే ఆమెకు పూర్తిగా చదివి వినిపించండి.

జవాబు 3: మొర్రి వార్డు నర్సు

పెదవి చీలిక, అంగిలి చీలిక శస్త్రచికిత్సలు జరిగే విభాగంలో ఇరవై ఏళ్ళకు పైగా పనిచేశాను. పైన ఇద్దరూ చెప్పినది బాగుంది గానీ, "పోయేదేముంది" అన్న ప్రశ్నను ఇద్దరూ దాటేశారు. ఏమి పోతుందో నేను చూశాను.

బిడ్డను ఎత్తుకొని వచ్చే తల్లి చీటీ రాయించుకొనే లోపే, మేము అడగకుండానే, గ్రహణం నాడు తానేమి చేసిందో చెప్పడం మొదలుపెడుతుంది. ఒకామె నిద్రలో పక్కకు ఒత్తిగిల్లానని ఏడ్చింది. ఇంకొకామెకు కడుపుతో ఉన్న నెలల్లో ఆమె ఊరికి అసలు గ్రహణమే కనబడలేదు. అయినా అత్తవారు ఎక్కడో పట్టిన గ్రహణాన్ని వెతికి మరీ తప్పు ఆమె మీద పెట్టారు. భర్త మీద ఈ నింద పడటం నేను ఒక్కసారి కూడా వినలేదు. ఆ పూట పస్తు ఉన్నా లేకపోయినా ఈ నమ్మకం ఒక ఆడమనిషి మీద వేయడానికి నిందను సిద్ధంగా ఉంచుతుంది. మీ భార్య పెరుగన్నం తిని దిగులుపడుతున్నదంటే ఆ నింద అప్పుడే ఆమెను చేరిందన్నమాట. పోయేది అదే.

వైద్యపరంగా చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి. పిండం రెండు నెలల్లోపు వయసులో ఉండగానే, గర్భం ధరించిన నాలుగో వారం నుంచి ఏడో వారం లోపల పై పెదవి రెండు వైపుల నుంచి వచ్చి అతుక్కొంటుంది; అంగిలి తొమ్మిదో వారం నాటికి కలుస్తుంది. ఆ అతుకు పడకపోవడమే మొర్రి. వంశపారంపర్యం, ఫోలిక్ ఆమ్లం లోటు, గర్భానికి ముందు నుంచే ఉన్న మధుమేహం, పొగ, కొన్ని మూర్ఛ మందులు దానికి తోడ్పడతాయి. చాలాసార్లు ఏ ఒక్క కారణమూ దొరకదు. ఒకసారి అతికిన పెదవి ఆరో నెలలో పెరుగన్నం తింటే విడిపోదు. అయిదో నెలలో మీకు బిడ్డ అవయవాలను చూసే టిఫా స్కాన్ తీసే ఉంటారు. ఆ రిపోర్టులో పై పెదవి గురించి సాధారణంగా రాస్తారు, తీసి చూడండి.

మీ పెద్దమ్మగారి లెక్క కూడా చూడండి. వైశాఖంలో నెలలు నిండి పుట్టిన బిడ్డ అంతకుముందు శ్రావణ ప్రాంతంలో కడుపున పడి ఉండాలి. అంటే ఆ పెదవి అతకవలసిన గడువు దసరా వెళ్ళేసరికే ముగిసింది. గ్రహణం పట్టింది మాఘ అమావాస్యకు. ఆమె గోంగూర తుంచేనాటికి ఆ బిడ్డ పెదవి చీలి నాలుగు నెలలు దాటింది. నలభై అయిదేళ్ళుగా ఆ మాట మోస్తున్న మనిషికి ఈ లెక్క ఎవరైనా చెప్పారా?

ఇంకొక సంగతి. నెలలు నిండుతున్న గర్భిణిని వెల్లకిలా కదలకుండా గంటల తరబడి పడుకోబెట్టడం మంచిది కాదు. గర్భాశయం బరువు వెన్నెముక పక్కనుండే పెద్ద రక్తనాళం మీద పడి తల్లికి కళ్ళు తిరగవచ్చు, బిడ్డకు రక్తం తగ్గవచ్చు. పక్కకు తిరిగి పడుకోవాలి. మధుమేహానికి ఇన్సులిన్ తీసుకొంటున్నవారు పస్తుంటే అది వేరే ప్రమాదం.

జవాబు 1కి కొనసాగింపు: భౌతికశాస్త్రం పంతులమ్మ

నర్సుగారు చెప్పిన తరువాత నా రోకలి కథ చిన్నబోయింది. వైదికులవారితో మాత్రం ఒక పేచీ ఉంది. దృష్టం, అదృష్టం అనే గట్టు గ్రంథంలో ఉంది గానీ మన వంటిళ్ళలో లేదు. ఉన్నదని తెలిసినవారు బయటికి చెప్పరు. బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 628లో రాసిన గ్రంథంలో గ్రహణాన్ని నీడల లెక్కతోనే సాధించాడు. అయినా రాహువు కారణం కాదన్న ఆర్యభటుణ్ణి వేదస్మృతులకు విరుద్ధమని తప్పుపట్టాడు. ఆ తరువాత నాలుగు వందల ఏళ్ళకు మధ్య ఆసియా పండితుడు అల్‌బిరూనీ అది చదివి, ఇంత తెలిసినవాడు ఇలా ఎందుకు రాశాడని ఆశ్చర్యపోయాడు. నేను ఆశ్చర్యపోను. గ్రహణం నాడు టీవీలో కూర్చొనే పండితులు రాశుల వారీగా భయాలు పంచుతారే గానీ, ఆతురులకు మినహాయింపు ఉందన్న ఒక్క వాక్యాన్ని గట్టిగా చెప్పడం నేను వినలేదు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తికవాది గోరా నాస్తిక కేంద్రం పెట్టినప్పటి నుంచి నేటి జన విజ్ఞాన వేదిక దాకా, గ్రహణం వేళ నలుగురిలో కూర్చొని తిని చూపించవలసిన పని సంశయవాదుల మీద పడింది అందుకే. అలా తిని చూపించడం ఊరి భయం పోగొడుతుందే తప్ప దానితోనే ఏదీ నిరూపణ కాదని నేనూ ఒప్పుకొంటాను. ఏడువందలలో ఒకరికి వచ్చేది పదిమంది తిన్నంతమాత్రాన తేలదు.

జవాబు 2కి కొనసాగింపు: గోదావరి వైదికుడు

పేచీ న్యాయమైనదే. మినహాయింపు చెబితే నియమమే సడలిపోతుందన్న భయం మాలో చాలామందికి ఉంది. వచ్చే గ్రహణానికి మా గుడి గోడ మీద అంటించే కాగితంలో మొదటి పంక్తిగా దాన్నే రాయిస్తాను. నర్సుగారు చెప్పిన నింద విషయంలో నా దగ్గర సమర్థన లేదు.

ప్రశ్నించినవారు: నల్లగొండ సందేహి

అందరికీ నమస్కారం. నాలుగు రోజుల తరువాత రాస్తున్నాను.

ముందు బీరువాలోంచి స్కాన్ రిపోర్టు తీశాం. ఆగస్టు తేదీ వేసి ఉంది, పై పెదవి సాధారణంగా ఉందని ఒక పంక్తి ఉంది. నా భార్య దాన్ని రెండుసార్లు చదువుకొని చాలారోజుల తరువాత నిశ్చింతగా భోజనం చేసింది. అమ్మకు చూపిస్తే, "ఇది గ్రహణానికి ముందు తీసింది గదా" అన్నది. పంతులమ్మగారి తరగతిలోని వకీలు నాకు గుర్తుకువచ్చాడు.

ఆ తరువాత వైదికులవారు చెప్పినట్టు పంచాంగం తెచ్చి గ్రహణ నిర్ణయం పేజీని మొదటి నుంచి చివరిదాకా చదివాను. బాలవృద్ధాతురుల మాట అందులో నిజంగానే ఉంది. అమ్మ కళ్ళజోడు పెట్టుకొని తానే మళ్ళీ చదివింది. ఇన్నేళ్ళుగా ఈ పంచాంగమే కొంటున్నా ఎవ్వరూ ఆ పంక్తి చదివి చెప్పలేదని అయ్యవారి మీద కోపగించుకొన్నది. అప్పుడు నా భార్య ధైర్యం చేసి పెరుగన్నం సంగతి చెప్పేసింది. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తరువాత, చల్లటి పెరుగు ఎందుకు తిన్నావు, నాకు చెబితే వేడిగా ఏదైనా చేసిపెట్టేదాన్ని కదా అన్నది. భోజనం విషయం అలా తేలింది. కత్తిపీట విషయంలో మాత్రం ఆమె మెత్తబడలేదు. వచ్చే గ్రహణానికి కూడా కూర తానే తరుగుతానన్నది.

నర్సుగారి లెక్కను చివర చెప్పాను. అమ్మ నన్ను ఆపి, శ్రావణం నుంచి వేళ్ళ మీద తానే లెక్కపెట్టింది, దసరా దగ్గర ఒకసారి, మాఘం దగ్గర ఒకసారి ఆగింది. రాత్రి పెద్దమ్మకు ఫోను చేసింది. గది తలుపు వేసుకొన్నందువల్ల నాకు మొదటి మాటలే వినబడ్డాయి: "అక్కా, వాడు వైశాఖంల పుట్టిండు గదా, నాతోటి నెలలు లెక్కపెట్టు."